పది వారాల పనికి మూడు ఐ-20లు: నా సీపీటీ అనుభవం

2024 మార్చి 21న ఆఫర్ మెయిలు వచ్చినప్పుడు నేను యూనివర్సిటీ లైబ్రరీలో హోంవర్కు చేసుకుంటున్నాను. సెప్టెంబరు నుంచి రెండు వందలకు పైగా దరఖాస్తులు పంపి, వాటిలో చాలావాటికి కాదనే జవాబు కూడా అందుకోని వాణ్ణి కాబట్టి, ఒంగోలులో అర్ధరాత్రి దాటిందన్న ధ్యాస కూడా లేకుండా ఇంటికి ఫోన్ చేసి, ఇంటర్న్‌షిప్ దొరికిందని చెప్పేశాను. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ లెక్కకైనా ముందు దత్తాంశం సరిచూడమనడం ఆయన అలవాటు. "సంతోషం నాన్నా. నీది చదువు వీసా కదా, పనిచెయ్యడానికి అనుమతి ఎవరివ్వాలి?" అని అడిగారు. "అదంతా యూనివర్సిటీయే చూసుకుంటుంది నాన్నా, ఒక ఫారం నింపితే చాలు" అన్నాను. ఆ ఒక్క ఫారం నాకు దాదాపు మూడు నెలలు పట్టింది.

నేను 2023 ఆగస్టులో ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై అమెరికా వచ్చి, మధ్యపశ్చిమ రాష్ట్రాల్లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో చేరాను. నాకు ఆఫరిచ్చినది పొలాల్లో తిరిగే యంత్రాలకు సెన్సర్లు తయారుచేసే ఒక మధ్యస్థాయి సంస్థ. డేటా ఇంజనీరింగ్ ఇంటర్న్‌గా పది వారాలు, వారానికి నలభై గంటలు, గంటకు 28 డాలర్లు. ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్ బయట ఇలాంటి పని చెయ్యాలంటే మామూలుగా ఉన్న దారి కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్, మనవాళ్ళ నోట్లో సీపీటీ. చదువు పూర్తయ్యాక అందరూ వాడుకునే ఓపీటీ అనే పని అనుమతికి ఇమ్మిగ్రేషన్ శాఖకు దరఖాస్తు చేసి, 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 470 డాలర్ల రుసుము కట్టి, ఈఏడీ అనే పని అనుమతి కార్డు కోసం ఎదురుచూడాలి. సీపీటీకి రుసుమూ లేదు, కార్డూ లేదు. యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో డీఎస్‌ఓ అనే అధికారి సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో వివరాలు నమోదుచేసి, విద్యార్థి హోదాను తెలిపే ఐ-20 పత్రాన్ని కొత్తగా ఇస్తే అదే అనుమతి. వినడానికి ఇంత తేలిగ్గా ఉంటుంది కాబట్టే నేనూ తేలిగ్గా తీసుకున్నాను.

తేలిక కాకపోవడానికి కారణం నిబంధనలోని ఒక్క మాటలో ఉంది. ఆ పని చదువుకు తోడుగా ఉంటే సరిపోదు, పాఠ్యప్రణాళికలో అంతర్భాగం కావాలి. దానితోపాటు, పనిలో చేరే తేదీకి ముందు ఒక పూర్తి విద్యాసంవత్సరం ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉండి ఉండాలి. చదువు మొదటిరోజు నుంచే ప్రాక్టికల్ ట్రైనింగ్ తప్పనిసరి అయిన కొన్ని మాస్టర్స్, పీహెచ్‌డీ కోర్సులకు మాత్రమే ఈ రెండో నియమం నుంచి మినహాయింపు ఉంది. నాకు ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లు రెండూ మే నాటికి పూర్తవుతాయి కాబట్టి కాలం విషయంలో పేచీ లేదు. పేచీ అంతా ఆ "అంతర్భాగం" దగ్గరే వచ్చింది.

మా విభాగంలో దీనికోసం వేసవిలో ఒక క్రెడిట్ ఇంటర్న్‌షిప్ కోర్సు ఉంది. అందులో చేరాలంటే ఇంటర్న్‌షిప్‌లను చూసే ప్రొఫెసర్‌గారు సంతకం చెయ్యాలి. ఫారంలో ఒక గడి ఉంది: ఈ పని మీ చదువుకు ఎలా సంబంధించినదో వివరించండి. "నా సాంకేతిక నైపుణ్యాలు పెంచుకోవడానికి, పరిశ్రమలో అనుభవం సంపాదించడానికి ఈ అవకాశం ఎంతో ఉపయోగపడుతుంది" అని రాసి పంపాను. ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టుల ముందుమాటలన్నీ ఇదే మూసలో రాసిన చెయ్యి నాది. మర్నాడే ఫారం తిరిగొచ్చింది. ఆయన గదికి వెళ్తే కుర్చీ చూపించి, ఎత్తిపొడుపేమీ లేకుండా చెప్పారు: అనుభవం కోసం ఎవరైనా ఎక్కడైనా పనిచేస్తారు, ఈ పని చెయ్యకపోతే నీ చదువులో ఏది కొరవడుతుందో అది రాయి.

నిజానికి ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కంపెనీలో నన్ను ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కు మెయిలు రాసి, నేను చెయ్యబోయే పని ఏమిటో నాలుగు వాక్యాల్లో చెప్పమని అడిగాను. ఆయన రాసినదాని సారం ఇది: కోతయంత్రాల మీది సెన్సర్లు సెకనుకు ఎన్నోసార్లు రీడింగులు పంపుతుంటాయి, నెట్‌వర్క్ లేని పొలంలో అవి యంత్రంలోనే పోగుపడి, సిగ్నల్ అందగానే ఒక్కసారిగా, వరుస తప్పి వచ్చి పడతాయి, వాటిని సరైన కాలక్రమంలో పేర్చి డేటాబేసులో చేర్చే ప్రోగ్రాములు రాయాలి. చదవగానే స్ప్రింగ్ సెమిస్టర్‌లో డేటాబేస్ కోర్సులో ఆలస్యంగా వచ్చే రికార్డుల గురించి విన్న మూడు క్లాసులు గుర్తొచ్చాయి. క్లాసులో ఆ సమస్యను నల్లబల్ల మీద పది రికార్డులతో చేశాం. ఇక్కడ అది కోట్లలో ఉంటుంది. ఈసారి ఫారంలో ఆ కోర్సు నంబరు వేసి, అక్కడ నేర్చుకున్నది ఏ మేరకో, ఇంటర్న్‌షిప్‌లో పరీక్షించబోయేది ఏమిటో, చివర్లో ఇచ్చే నివేదికలో ఏమి కొలిచి చూపిస్తానో రాశాను. ప్రొఫెసర్‌గారు ఒక్క కామా కూడా మార్చకుండా సంతకం చేశారు. ఈ మొత్తం వ్యవహారంలో నేను నిజంగా ఏదైనా నేర్చుకున్నానంటే అది ఆ గడి నింపుతూ నేర్చుకున్నదే. ఆ రెండు పేరాలు రాయకుండా చేరివుంటే మొదటి రెండు వారాలు కంపెనీలో బిక్కమొహం వేసుకుని కూర్చునేవాణ్ణి.

ఆఫర్ లెటర్ కథ వేరు. కంపెనీ మొదట పంపిన ఉత్తరంలో అభినందనలు, జీతం, గోప్యతా షరతులు అన్నీ ఉన్నాయి గాని, తేదీల దగ్గర "2024 వేసవి" అని మాత్రమే ఉంది. డీఎస్‌ఓ సెవిస్‌లో నింపవలసినవి సంస్థ పేరు, పనిచేసే చోటు చిరునామా, మొదటి తేదీ, చివరి తేదీ, ఫుల్‌టైమా పార్ట్‌టైమా అన్నది. వారానికి ఇరవై గంటలు, అంతకు లోపు అయితే పార్ట్‌టైమ్, ఇరవై దాటితే ఫుల్‌టైమ్. ఆఫర్ లెటర్‌లో లేనిదాన్ని వాళ్ళు ఊహించి రాయరు. హెచ్‌ఆర్ విభాగంలో నాతో మాట్లాడుతున్నావిడ ఓపికమంతురాలు. రెండో ఉత్తరంలో తేదీలు వేశారు, కాని గంటల దగ్గర "నలభై వరకు" అని రాశారు. వరకు అంటే పద్దెనిమిదీ కావచ్చు, ముప్ఫై అయిదూ కావచ్చు. అదీ తిరిగొచ్చింది. మూడో ఉత్తరంలో చిరునామాగా కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది, నేను వెళ్ళవలసినది మాత్రం అక్కడికి రెండు గంటల దూరంలోని పరిశోధన కేంద్రానికి. ఈసారి ఎవరూ తిప్పి పంపకముందే నేనే చూసుకుని, నాలుగో ఉత్తరం అడిగాను. ఒకే చిన్న విషయానికి అన్నిసార్లు మెయిలు రాస్తే ఆఫరే వెనక్కి తీసుకుంటారేమోనని భయం వేసింది. ఇలాంటి సవరణలు వాళ్ళకు ప్రతి ఏడాదీ మామూలేనని ఆవిడ తర్వాత చెప్పారు.

ఈ లోపల ఇంట్లో మరో కథ నడుస్తోంది. మా అపార్ట్‌మెంటులో ఉండే ఒక సీనియర్ అన్న నా అవస్థ చూసి, "ఇంత తిప్పలెందుకురా, డే వన్ సీపీటీ ఉన్న కాలేజీకి మారిపో, రెండేళ్ళూ హాయిగా పనిచేసుకోవచ్చు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, నాన్నగారితో మాటల మధ్యలో నేను ఈ సంగతి చెప్పడం పొరపాటయింది. ఆయనకు 2011 జనవరి గుర్తుంది. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడి, అందులో చేరిన మన పిల్లల్లో కొందరి కాలి చీలమండలకు అధికారులు ట్రాకింగ్ పరికరాలు కట్టిన ఫొటోలు అప్పట్లో తెలుగు పత్రికల మొదటి పేజీల్లో వచ్చాయి. అందులోని విద్యార్థుల్లో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. ఆ తర్వాత 2019 జనవరిలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అసలు విశ్వవిద్యాలయమే కాదని, ఇమ్మిగ్రేషన్ అధికారులే రహస్యంగా నడిపిన వల అని బయటపడ్డప్పుడు మళ్ళీ అవే ఊళ్ళ పేర్లు వినిపించాయి. రెండు చోట్లా ముఖ్యమైన ఆరోపణ ఒకటే: చదువు లేకుండా, చదువు పేరుతో పని. మొదటిరోజు నుంచి సీపీటీ ఇచ్చే కోర్సులన్నీ దొంగవని నేను అనడం లేదు, నిబంధనలోనే వాటికి చోటుంది. కాని పని అవసరమై దానికి సరిపడా కోర్సు వెతుక్కునేవాళ్ళకు, తర్వాతెప్పుడో వీసా ఆఫీసరు ఆ కాలమంతా ఏమి చదివావని అడిగినప్పుడు చూపించడానికి ఏముంటుంది? నాన్నగారు ఆ రాత్రి పెట్టిన మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది: "కాగితం చేతికి రాకుండా ఆ ఆఫీసు గుమ్మం తొక్కకు."

ఏప్రిల్ మూడో వారంలో అన్ని సంతకాలూ అయ్యాక కోర్సు రిజిస్టర్ చెయ్యబోతే సిస్టమ్ ఒప్పుకోలేదు. నా ఖాతా మీద హోల్డ్ ఉందట. శీతాకాలంలో జ్వరం వచ్చి క్యాంపస్ హెల్త్ సెంటర్‌కు వెళ్ళినప్పటి 38 డాలర్ల బిల్లు, పాత చిరునామాకు వెళ్ళి, కట్టకుండా ఉండిపోయింది. బిల్లు కట్టడానికి రెండు నిమిషాలు పట్టింది, హోల్డ్ తొలగడానికి మూడు పనిదినాలు పట్టింది. ఆ ఒక్క క్రెడిట్‌కు వేసవి ఫీజులన్నీ కలిపి 1,140 డాలర్లయింది. సంపాదించుకునే పనికి మనమే ఎదురు డబ్బు కట్టడమేమిటని అమ్మ అడిగితే నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది, ఇప్పటికీ లేదు. దాన్ని చదువు ఖర్చులో రాసుకోమన్నారు నాన్నగారు.

ఏప్రిల్ 30న కొత్త ఐ-20 వచ్చింది. మొదటి పేజీ పాతదానిలాగే ఉంది. రెండో పేజీ తిప్పితే, అంతవరకు ఖాళీగా ఉన్న ఉద్యోగ అనుమతుల భాగంలో సీపీటీ, ఫుల్‌టైమ్, అనుమతి మంజూరైంది, జూన్ 3 నుంచి ఆగస్టు 9 వరకు, ఆ కింద సంస్థ పేరు, పరిశోధన కేంద్రం ఉన్న ఊరు ఉన్నాయి. నెలన్నర పాటు నలుగురి చేత రాయించిన కాగితాలన్నీ చివరికి అంగుళం ఎత్తు లేని ఆ గడిలో ఇమిడిపోయాయి. ప్రింటు తీసి, మొదటి పేజీ అడుగున నా సంతకం చేసి, తేదీ వేశాను.

క్యాంపస్‌లో ఎప్పుడూ పని చెయ్యలేదు కాబట్టి జీతానికి, పన్నులకు కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరు నాకు లేదు. ఉత్సాహం కొద్దీ మే 2నే బస్సెక్కి సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్ళాను. కిటికీ వెనకున్నాయన ఐ-20లో తేదీ చూసి, గోడమీది క్యాలెండరు వైపు తిరిగి, లెక్కపెట్టి, కాగితాలు వెనక్కి తోశారు. పనిలో చేరే తేదీకి ముప్ఫై రోజుల కన్నా ముందు దరఖాస్తు తీసుకోరు. నేను వెళ్ళింది ముప్ఫై రెండో రోజున. తప్పు నాదే, వెబ్‌సైటులో ఉన్నదే. సోమవారం మళ్ళీ వెళ్ళి పాస్‌పోర్టు, దేశంలోకి ప్రవేశించినట్టు చూపే ఐ-94, ఐ-20 చూపించి దరఖాస్తు ఇచ్చాను. కార్డు రెండు వారాల్లో పోస్టులో వచ్చింది.

ఇక అంతా అయిపోయిందనుకున్నాను. మే 20న కంపెనీకి ఉద్యోగ పత్రాలు చూసిపెట్టే ఏజెన్సీ నుంచి మెయిలు వచ్చింది: మీ ఈఏడీ కార్డు రెండువైపులా స్కాన్ చేసి పంపగలరు. సీపీటీకి ఆ కార్డు ఉండదని రాశాను. కార్డు లేనిదే ఫైలు ముందుకు కదలదని జవాబు వచ్చింది. ఉన్నదాన్ని చూపించడం సులువే గాని, ఉండనిదాన్ని ఉండదని రుజువు చెయ్యడం ఎంత కష్టమో ఆ వారం తెలిసింది. పనిలో చేరే ప్రతివారి గురించీ కంపెనీ నింపవలసిన ఐ-9 ఫారానికి ప్రభుత్వమే యజమానుల కోసం ప్రచురించిన మార్గదర్శిని ఉంది. ఎఫ్-1 విద్యార్థికి సీపీటీ అయితే విదేశీ పాస్‌పోర్టు, ఐ-94, సీపీటీ నమోదైన ఐ-20, ఈ మూడూ కలిపి చాలునని అందులో స్పష్టంగా ఉంది. ఆ భాగాన్ని జతచేసి, డీఎస్‌ఓ ఇచ్చిన ఒక చిన్న ఉత్తరం కూడా పెట్టి పంపాను. విషయం కంపెనీ న్యాయవాది దాకా వెళ్ళి, సరేనన్నారు. అయితే ఈ లోపల వాళ్ళ శిక్షణ బృందంలో నా చోటు తర్వాతి వారానికి జరిగింది. కొత్త తేదీలు జూన్ 10 నుంచి ఆగస్టు 16 వరకు.

జూన్ 3 నుంచి అనుమతి ఉన్నప్పుడు 10న చేరితే తప్పేమీ లేదు. కాని చివరి వారానికి అనుమతి లేదు. ఆగస్టు 9 తర్వాత ఒక్కరోజు పనిచేసినా అది అనుమతి లేని ఉద్యోగమే. అందుకని అయిదో ఆఫర్ లెటర్, మళ్ళీ ప్రొఫెసర్‌గారి ఆమోదం, మళ్ళీ డీఎస్‌ఓ. మే 27 మెమోరియల్ డే సెలవు, వేసవిలో ఆఫీసులో సగం మంది ఉండరు. జూన్ 6 సాయంత్రం మూడో ఐ-20 వచ్చింది. వచ్చేవరకు నేను ఆ ఊళ్ళో అద్దె గదికి అడ్వాన్సు కట్టలేదు. చివరి మూడు రాత్రులు అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటి ప్రశ్న తిన్నావా అని కాక, వచ్చిందా అని.

పని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. రాయవలసింది మొదటి పే స్లిప్ గురించి. రెండు వారాలకు 2,240 డాలర్లు రావాలి. అందులో సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం, మొత్తం 171 డాలర్ల 36 సెంట్లు కోశారు. అమెరికా వచ్చి అయిదు క్యాలెండరు సంవత్సరాలు దాటని ఎఫ్-1 విద్యార్థులు పన్నుల లెక్కలో నాన్‌రెసిడెంట్లు, అనుమతితో చేసే ఇలాంటి పనికి ఈ రెండు కోతలూ వాళ్ళకు వర్తించవు. పేరోల్ విభాగానికి రాస్తే, నన్ను పొరపాటున స్థానిక ఉద్యోగిగా నమోదు చేశామని ఒప్పుకుని, మూడో జీతంలో కలిపి తిరిగి ఇచ్చేశారు. కంపెనీ ఇవ్వనంటే పన్నుల శాఖకు వాపసు కోరే ఫారం 843, దానితో 8316 పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. నాతో చేరిన మరో ఇంటర్న్, చైనా నుంచి వచ్చిన అమ్మాయి, నేను చెప్పాకే తన స్లిప్ తీసి చూసుకుంది. ఆదాయపు పన్ను విషయంలో భారతీయ విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉంది: రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 21వ అధికరణ వల్ల నాన్‌రెసిడెంట్లమైనా మనం స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో పన్ను పడని స్థిర మొత్తం, తీసుకోవచ్చు. 2024కు అది 14,600 డాలర్లు, పది వారాలకు నా మొత్తం సంపాదన 11,200. కాబట్టి ఫెడరల్ పన్ను కింద పట్టుకున్నదంతా మరుసటి వసంతంలో నాన్‌రెసిడెంట్ల పన్ను రిటర్ను 1040-ఎన్‌ఆర్ దాఖలు చేశాక తిరిగొచ్చింది. ఎఫ్-1 విద్యార్థులు 1040-ఎన్‌ఆర్‌తోపాటు ఫారం 8843 కూడా పంపాలని మాత్రం చాలామంది మరిచిపోతారు.

ఇంకొక లెక్క కూడా మొదటినుంచీ మనసులో ఉంచుకున్నాను. ఒకే స్థాయి చదువులో ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితే ఓపీటీ అర్హత పోతుంది. పది వారాలతో నాకు ఆ ప్రమాదం లేదు, పార్ట్‌టైమ్ సీపీటీ ఈ లెక్కలోకి రాదు.

ఆగస్టు 16 శుక్రవారం. మధ్యాహ్నం లాప్‌టాప్ అప్పగించడానికి సిద్ధమవుతుంటే మేనేజర్ వచ్చి, సోమవారం ఒక గంట ఆన్‌లైన్‌లోకి వచ్చి ఆలస్యపు రీడింగుల ప్రోగ్రాము గురించి మిగతా బృందానికి చెప్పగలవా అని అడిగాడు. చాలా మామూలుగా అడిగాడు, ఆ గంటకు డబ్బు కూడా ఇస్తామన్నాడు. నా ఫోన్‌లో ఉన్న ఐ-20 తెరిచి, రెండో పేజీలో చివరి తేదీ చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చదివి, "ఈ రోజేనా?" అన్నాడు. ఔనన్నాను. మూడున్నరకు సమావేశం పెట్టాడు. నలుగురు వచ్చారు. అయిదు కొట్టేసరికి రెండు ప్రశ్నలు మిగిలాయి, వాటికి జవాబులు తెల్లబోర్డు మీద రాసి, ఫొటో తీసుకోమని చెప్పి, బ్యాడ్జి రిసెప్షన్‌లో ఇచ్చేసి బయటికి వచ్చాను.

కోర్సుకు ఇవ్వవలసిన పన్నెండు పేజీల నివేదిక తర్వాతి వారం రాసి పంపాను. ఏప్రిల్‌లో ఆ గడిలో కొలిచి చూపిస్తానని రాసిన మూడింటిలో రెండే కొలవగలిగాను. మూడోది ఎందుకు కుదరలేదో ఒక పేజీ రాశాను. ప్రొఫెసర్‌గారు ఆ పేజీ పక్కన టిక్కు పెట్టి, ఫాల్‌లో వచ్చే ప్రాజెక్టు కోర్సుకు ఇది తీసుకోమని రాశారు.